టెక్ సందేహాలు: వెర్నియర్‌కి మీ కాంటాక్టులు ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్య టెక్సస్‌లో వేట రైఫిల్‌కి తూటాలు తనే నింపుకుంటాడు. కొలతల షీటు ఇక్కడ నేను చూస్తాను. ఒకే .308 విన్‌చెస్టర్ కొత్త ఇత్తడి కేసుని (తూటా ఖాళీ గొట్టం) అడుగు నుంచి భుజం దాకా, అంటే మెడ వైపు సన్నబడే చోటు దాకా, మూడుసార్లు కొలిస్తే 1.624, 1.627, 1.629 అంగుళాలు వచ్చాయి. ఆటోనగర్‌లో నా లేత్ షాపులో ఉన్న బ్లూటూత్ వెర్నియర్‌దీ ఇదే వరస. పైగా దాని యాప్ నా కాంటాక్టులు, లొకేషన్ అడుగుతోంది. యాప్ మార్చాలా?
– గాజువాక పాఠకుడు

జవాబు: యాప్‌ని వదిలేయండి, ముందు చేతిని చూసుకోండి. డిస్‌ప్లే అర థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా చూపిస్తుంది గానీ ఇలాంటి వెర్నియర్ల కచ్చితత్వం అటూ ఇటూ ఒక థౌ. మిగతా తేడా కేసు కొంచెం ఒరగడం వల్లే. దాని అడుగు దవడకి చదునుగా ఆనాలి. తేలిగ్గా నొక్కి, కేసుని తిప్పుతూ మళ్లీ మళ్లీ వచ్చే అంకెనే రాయమనండి. కాల్చిన కేసైతే ప్రైమర్ (అడుగున మందుని అంటించే చిన్న మూత) తీశాకే కొలవాలి, ఉబ్బిన ప్రైమర్ కేసుని ఎత్తి పెడుతుంది.

భుజం దాకా కొలవడానికి వెర్నియర్ దవడకి తగిలించే కంపారేటర్ ముక్క భుజం మీద 0.400 అంగుళాల వ్యాసం దగ్గర ఆనుతుంది. దాని అంచు కాస్త అరిగినా అసలు కొలత రాదు. 1.630 'గో' గేజ్‌ని (కచ్చితంగా ఆ కొలతకే చేసిన ఉక్కు నమూనా) అదే ముక్కతో కొలవమనండి. 1.626 చూపిస్తే అన్నిటికీ 4 థౌ కలుపుకోవాలి. కొత్త కేసు ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) కంటే కొన్ని థౌలు పొట్టిగా ఉండడం మామూలే. కాల్చాక సాగిన కేసు భుజాన్ని డైతో (కేసుని మళ్లీ ఆకారానికి తెచ్చే అచ్చు) ఒకటి రెండు థౌలు మాత్రమే వెనక్కి నెట్టాలి. ప్రతిసారీ ఎక్కువ నెడితే అడుగుకి కాస్త పైన గోడ పలచబడి, ఒకరోజు అక్కడే తెగుతుంది. కొస వంచిన తీగతో లోపల తడిమితే ఆ గాడి ముందే తగులుతుంది.

మీ షాపుది వేరే జబ్బు. ఇది కెపాసిటివ్ స్కేలు, అంటే విద్యుత్ ఛార్జి మార్పుని బట్టి దూరం లెక్కగడుతుంది. కూలెంట్ గానీ సముద్రపు గాలి తేమ గానీ స్లైడర్ కిందకి చేరితే అంకెలు గెంతుతాయి. పొడిగుడ్డతో తుడిచి, ఎల్‌ఆర్‌44 బటన్ బ్యాటరీ తీసి ఎస్‌ఆర్‌44 వేయండి. దాని వోల్టేజి చివరిదాకా దాదాపు 1.55 దగ్గరే నిలుస్తుంది.

నా అసలు కోపం యాప్ మీదే. పొడవు కొలిచే సాధనానికి కాంటాక్టులు దేనికి? లొకేషన్ అంటే, ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ వెతకడానికి అది తప్పేది కాదు. 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అన్న అనుమతి ఒక్కటి చాలు, అయినా అడుగుతుంటే బద్ధకమో దురాశో. మీ అన్నయ్య లాగ్‌లో తుపాకీ రకం, తేదీ, ఇంటి లొకేషన్ కలిసి ఎవరి సర్వర్‌లోకో వెళ్తే, ఏ ఇంట్లో రైఫిల్ ఉందో దొంగకి వేరే చెప్పక్కర్లేదు. కొన్ని వెర్నియర్లు కంప్యూటర్‌కి కీబోర్డ్‌గా జతవుతాయి. కీబోర్డ్ అనుకున్న దాన్ని కంప్యూటర్ ప్రశ్నించదు, అది అంకెలే కొడుతుందన్న హామీ లేదు. బిల్లింగ్ సిస్టమ్‌కి దాన్ని అసలు జత చేయకండి.

అన్నట్టు, అన్నయ్యని చూసి ఇక్కడ మొదలుపెట్టేరు! లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. షీటు వరకే మీ పని. అందులో 'గో' గేజ్ అంకెకి ఒక గడి పెట్టి, ప్రతి విడత కొలతలకి ముందు అది నింపమనండి.