పంచకళ్యాణే కావచ్చు, పళ్ళు చూశారా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మొన్న డిసెంబర్‌లో నాందేడ్ జిల్లా మాళెగావ్ జాతరలో మార్వాడీ మగ గుర్రాన్ని కొన్నాను. పంచకళ్యాణి, నాలుగేండ్లదని చెప్పారు. పొద్దున తారు రోడ్డు మీద పరుగు అలవాటు చేస్తున్నాను, ముహూర్తాలప్పుడు బరాత్‌లకు పంపుతున్నాను. రెండు వారాలుగా ముందు కుడికాలు కుంటుతోంది. మోకాలి కింద లోపలి వైపు చింతగింజంత బుడిపె లేచింది. ముందు గిట్టలు రెండూ బయటికి తిరిగి ఉంటాయి. ఛాతీ వెడల్పు లేక పరుగు రావడం లేదని నా అనుమానం. మందుల షాపులో కాల్షియం తక్కువైందని ఆరు కాల్షియం సీసాలు, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. నాడాలు కొట్టే అతను గిట్టలు ఒక పక్క చెక్కి కాళ్ళు నిటారు చేస్తానంటున్నాడు. మెడ మీద సుడి ఉంది, దాని వల్లే అని ఇంట్లో గొడవ. రోజూ 3 కిలోల తవుడు, వరిగడ్డి, కొంచెం పచ్చగడ్డి పెడుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: గిట్టలు చెక్కించకండి. పరుగు, బరాత్ ఈరోజు నుంచే బంద్ పెట్టండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన ఐదు ఫొటోల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది నోటి ఫొటో. కింది దవడలో మధ్య జత ఒక్కటే పెద్ద పళ్ళు. వాటి పక్కవి చిన్నగా, తెల్లగా ఉన్నాయి, అవి పాలపళ్ళు. గుర్రానికి మధ్య జత రెండున్నరేండ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. అంటే మీ గుర్రానికి ఇప్పుడు మూడేండ్లు, అటూ ఇటూగా. నాలుగేండ్లని చెప్పి అమ్మినవాడు మిమ్మల్ని మోసం చేశాడు. పంచకళ్యాణి అని నాలుగు తెల్లకాళ్ళకూ, ముఖం మీద తెల్లమచ్చకూ అదనంగా డబ్బు పోశారు కానీ పెదవి ఎత్తి చూడలేదు. తెల్లకాళ్ళ వల్ల పరుగు రాదు. పైగా వానాకాలం బురదలో ఆ తెల్లచర్మమే ముందు పుండు పడుతుంది. సుడి సంగతి కూడా అంతే. అది వెంట్రుకలు తిరిగిన తీరు, కాలి ఎముకకూ దానికీ సంబంధం లేదు. ఇంట్లో నా పేరు చెప్పి చెప్పండి.

బుడిపె స్ప్లింట్ అనే నా అనుమానం. మోకాలి కింద ఉండే పెద్ద ఎముకకు రెండు పక్కలా సన్నటి ఎముకలు అతుక్కుని ఉంటాయి. లేత గుర్రంలో ఆ అతుకు ఇంకా గట్టిపడదు. గట్టి నేల మీద పరుగెత్తించినా, రెండో కాలి గిట్ట తగిలినా అక్కడ వాచి, కొత్త ఎముక పేరుకుంటుంది. మీ దగ్గర ఈ రెండు కారణాలూ ఉన్నాయేమో చూడాలి. ఎడమ ముందుగిట్ట లోపలి అంచుకు తడి సున్నం పూయండి. చదును నేల మీద నడకతో ఇరవై అడుగులు నడిపించి, కుడికాలి లోపలి వైపు చూడండి. బుడిపె మీద గానీ దాని చుట్టుపక్కల గానీ తెల్లటి గీత పడితే గిట్ట తగులుతున్నట్టే. గిట్టలు బయటికి తిరిగిన గుర్రం కాలు ఎత్తినప్పుడు లోపలికి సున్నా చుట్టినట్టు తిప్పుతుంది, అందుకే తగులుతుంది. గిట్టలు లోపలికి తిరిగిన గుర్రం బయటికి విసురుతుంది. అది చూడ్డానికి వికారంగా ఉంటుంది కానీ తనను తాను కొట్టుకోదు.

ఇక ఛాతీ. మీరు చెప్పింది తలకిందులు. మార్వాడీ గుర్రం మూడేండ్ల వయసులో ఎదురుగా సన్నగానే ఉంటుంది. గుర్రానికి మనలాగా మెడ కింది ఎముక ఉండదు, ముందుకాళ్ళు కండరాలతోనే మొండానికి వేలాడుతుంటాయి. ఛాతీ ఇరుకుగా ఉన్నంతకాలం మోచేతులు లోపలికి నొక్కుకుని కాలు మొత్తం బయటికి తిరుగుతుంది. ఛాతీ విచ్చుకున్నకొద్దీ చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. ఎదురుగా నిలబడి మోకాలు చూడండి. మోకాలు కూడా గిట్టతో పాటే బయటికి చూస్తుంటే ఇదే కథ, భయం లేదు. మోకాలు సూటిగా ఉండి గిట్ట ఒక్కటే తిరిగి ఉంటే అది కింది కీలు దగ్గర పుట్టుకతో వచ్చిన వంకర. మీ ఫొటోలో మోకాళ్ళు కూడా బయటికే ఉన్నాయి. పరుగుకు కావలసింది ఛాతీ లోతు, అంటే వీపు నుంచి మోచేతి వరకు ఉండే కొలత. ఊపిరితిత్తులకు చోటు అక్కడే. ఎదురుగా మరీ వెడల్పయిన గుర్రం దొర్లుతున్నట్టు నడుస్తుంది.

మీ గుర్రంలో నాకు నచ్చనిది వేరే ఉంది. పక్క ఫొటో మీద స్కేలు పెట్టి చూశాను. గిట్టకూ దాని పై కీలుకూ మధ్య ఉండే పొట్టి భాగాన్ని పాస్టర్న్ అంటాం. అదీ, గిట్ట ముందుగోడా ఒకే గీతలో, నేలకు 50 నుంచి 55 డిగ్రీల వాలులో ఉండాలి. మీదానికి 60 దాటింది. భుజం కూడా అంతే నిటారుగా ఉంది. నిటారు భుజం కాలును దూరం చాపనివ్వదు, అందుకే అడుగు పొట్టిగా పడుతోంది. నిటారు పాస్టర్న్ స్ప్రింగులా వంగదు. గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. ఆ దెబ్బంతా నేరుగా కీళ్ళకూ, మోకాలి కింది అతుకుకూ ఎక్కుతుంది. మరీ వాలిన పొడవు పాస్టర్న్ అయితే దెబ్బ తగ్గుతుంది కానీ కాలి వెనక ఉండే స్నాయువులు సాగి తెగే ప్రమాదం. రెండూ వద్దు. తారు రోడ్డు మీద మీ గుర్రం ఎందుకు కుంటిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వెనక భాగం మాత్రం బాగుంది. పిరుదు నిండుగా ఉంది, మడమ వంపు సరిగా ఉంది, నడుం పొట్టి. కాబట్టి నిరాశపడకండి. ఇంతకన్నా వంకర కాళ్ళతో గెలిచిన గుర్రాలున్నాయి. వాటిని వయసు రాకముందే పరుగెత్తించి ఉండరు, అంతే.

చెక్కి నిటారు చేయడం అంటారా, కింది కీలు దగ్గరి వంకరను గిట్ట సవరించి సరిచేయాలంటే పుట్టిన రెండు మూడు నెలల్లోపే. ఆ తర్వాత అక్కడ ఎముక పెరుగుదల ఆగిపోతుంది. ఇప్పుడు ఒక పక్క చెక్కితే కాలు మారదు, గిట్ట నేల మీద ఏటవాలుగా పడి కీలు అరుగుతుంది. గిట్టను ఉన్న కాలికి తగ్గట్టు రెండు పక్కలా సమంగా 6 వారాలకోసారి సవరించండి, చాలు.

చికిత్స: బుడిపె మీద చల్లటి నీళ్ళు పైపుతో 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు, 5 రోజులు. నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ కిలో బరువుకు 0.6 మి.గ్రా., రోజుకు ఒక్కసారి, 5 రోజులకు మించకుండా, డాక్టర్ చేతనే. బరువు మీరే కట్టండి. ఛాతీ చుట్టుకొలతను అదే చుట్టుకొలతతో గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవుతో గుణించి, 11,877తో భాగించండి. మీరు పంపిన 152, 138 సెంటీమీటర్ల లెక్కన 268 కిలోలు వచ్చింది. అంటే మందు 160 మి.గ్రా. ఆ తర్వాత 45 రోజులు విశ్రాంతి. రెండో వారం నుంచి చేత్తో పట్టుకుని మట్టి నేల మీద 10 నిమిషాల నడక. అప్పటికీ బుడిపె నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి, సన్నెముక విరిగి ఉండవచ్చు. వాతలు పెట్టించకండి. బుడిపె అలాగే గట్టిగా మిగిలిపోతుంది, నొప్పి ఉండదు, పరుగుకు అడ్డం కాదు. డైక్లోఫెనాక్ పశువులకు 2006 నుంచే నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చాయి. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద గూళ్ళు పెట్టినవి అలా మిగిలిన కొద్ది రాబందులే. షాపులో ఇచ్చినవాడికి అది తెలియకపోతే షాపు ఎందుకు?

కాల్షియం సీసాలు పాలజ్వరం వచ్చిన బర్రెకు. గుర్రానికి నరంలోకి గబగబా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. మీ దాణాలో కాల్షియం తక్కువే, ఆ మాట నిజమే, కానీ కారణం తవుడు. 3 కిలోల బియ్యం తవుడులో 45 గ్రాముల పైన భాస్వరం ఉంటుంది, కాల్షియం 3 గ్రాములు దాటదు. భాస్వరం అంత ఎక్కువైతే శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాగుతుంది. తవుడు అర కిలోకు తగ్గించండి. లూసర్న్ గడ్డి లేదా ఎండబెట్టిన వేరుశనగ కట్టె రోజుకు 2 కిలోలు, సున్నపురాయి పొడి 30 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు ఇవ్వండి. దాణా ఒక్కసారిగా మార్చకండి, కడుపునొప్పి వస్తుంది. పది రోజులు తీసుకోండి.

బరాత్ గురించి కూడా చెప్పాలి. జీనుతో కలిపి గుర్రం తన బరువులో 20 శాతానికి మించి మోయకూడదు. మీదానికి 53 కిలోలు. పెండ్లికొడుకు, షేర్వాణీ, జీను కలిపితే ఎంతో మీరే లెక్క వేసుకోండి. నాలుగేండ్లు నిండేదాకా ఎవరినీ ఎక్కించకండి.

ఇంత పెద్ద ఉత్తరంలో ధనుర్వాతం టీకా ఊసే లేదు. పశువుల్లో ఈ జబ్బు గుర్రానికి పట్టినంత సులువుగా దేనికీ పట్టదు. నాడా మేకు ఒక్కటి లోతుగా దిగితే చాలు. చెవులు నిక్కబొడుచుకుని, తోక లేచి, కంటి మూలనుంచి తెల్లపొర అడ్డం వచ్చాక నన్ను పిలిచి లాభం లేదు. టాక్సాయిడ్ అనే ఆ టీకా ఈ వారం ఒకటి, 4 వారాలకు రెండోది, ఆపైన ఏటా ఒకటి. మూడు నెలలుగా మేకులు కొట్టించుకుంటున్న గుర్రానికి కాల్షియం సీసాలకు ఖర్చు పెట్టిన మీకు ఇది ఎవరూ చెప్పకపోవడం నాకు కోపం తెప్పిస్తోంది. అలాగే జాతర గుర్రం కాబట్టి గ్లాండర్స్ అనే అంటుజబ్బుకు రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుతుంది. మీ పశువైద్యుడు రక్తం తీసి హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించే ఏర్పాటు చేస్తారు.

45 రోజుల తర్వాత ఫొటోలు మళ్ళీ పంపండి. ఈసారి సిమెంటు గచ్చు మీద, నాలుగు కాళ్ళూ సమంగా మోపి, ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఫోన్ గుర్రం మోకాలి ఎత్తున పట్టుకుని తీయండి. పూలదండలు, గజ్జెలు తీసేసి.