డింగీని వెనక కట్టుకుని ఫ్లోరిడాకు: మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకు

న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి అడిగిన సందేహం ఇది. "మా అమ్మాయికి పన్నెండేళ్లు. రెండు వేసవులుగా ఆప్టిమిస్ట్ అనే పిల్లల చిన్న తెరచాప పడవ (డింగీ) నడపడం నేర్చుకుంటోంది. క్రిస్మస్ సెలవుల్లో మయామీలో జరిగే ఆరెంజ్ బౌల్ రెగట్టాకు (పడవ పందాలకు) వెళ్తానంటోంది. మేము అమెరికా వచ్చి మూడేళ్లే అయింది. మంచు కురిసే రోజుల్లో కారుకు ట్రైలర్ (పడవను మోసే చక్రాల బండి) తగిలించి అంత దూరం పోవచ్చా, అండీ?"

పోవచ్చు. నేను బోస్టన్ దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. మా అమ్మాయి పడవను వెంటబెట్టుకుని ఈ దారిలో ఆరు శీతాకాలాలు వెళ్లివచ్చాను. బోస్టన్ నుంచి మయామీకి దాదాపు 1,500 మైళ్లు, మీ ఊరి నుంచి కొంత తక్కువ. మనవాళ్లు సాధారణంగా కారు గురించీ, హోటల్ గురించీ, దారిలో తినే పులిహోర గురించీ బాగా ఆలోచిస్తారు. వెనక దొర్లుతూ వచ్చే ఆ రెండు చిన్న చక్రాల గురించి ఎవరూ ఆలోచించరు. నన్నడిగితే ఈ ప్రయాణం బాగోగులన్నీ వాటి మీదే ఉన్నాయి.

రెండో ఏడు ఆ పాఠం నాకు బాగా తెలిసివచ్చింది. దక్షిణ కెరొలైనాలో ఇంటర్‌స్టేట్ 95 మీద వెళ్తుండగా వెనక కారులో ఉన్నాయన పక్కకు వచ్చి చేయి ఊపాడు. ఆపి చూస్తే ఎడమ చక్రం నడుమ నుంచి పొగ వస్తోంది. బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయి ఇనుము ఇనుమును కొరుక్కుతింటోంది. ట్రైలర్ కొన్నప్పటి నుంచి నేను ఆ మూత తెరిచి చూడలేదు. విడిభాగాలు దొరికి, బిగించేసరికి ఒక పగలు పోయింది. మా అమ్మాయికి నీళ్ల మీద సాధన చేసుకునే రోజు దక్కలేదు. ఆ సాయంత్రం హోటల్ గదిలో తను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను. చిన్న పడవల ట్రైలర్లకు చాలావాటికి 8 అంగుళాల లేదా 12 అంగుళాల చక్రాలుంటాయి. కారు చక్రం ఒకసారి తిరిగేలోగా 8 అంగుళాల రిమ్ము ఉన్న చక్రం ఒకటిన్నర సార్లకు పైగా తిరుగుతుంది. మీరు గంటకు 70 మైళ్లతో పోతుంటే అది ఎంత వేగంగా తిరుగుతోందో ఊహించండి. పైగా అలాంటి టైర్లు చాలావరకు 65 మైళ్ల వేగానికే తయారైనవి. దక్షిణ కెరొలైనా, జార్జియాల్లో హద్దు 70 అని బోర్డు కనిపిస్తుంది. అది కార్ల కోసం పెట్టిన బోర్డు. మీరు 60 దగ్గర కుడి వరుసలో ఉండండి. ఎవరైనా హారన్ కొడితే కొట్టనివ్వండి.

బయలుదేరడానికి రెండు వారాల ముందు బేరింగులు విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. ఒక బేరింగ్ సెట్టు, ఒక అదనపు చక్రం, దాని నట్టుకు సరిపోయే రెంచి, జాకీ కారులో ఉండాలి. కారు జాకీ ట్రైలర్ కిందకు దూరుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైరు నున్నగా, కొత్తగా కనిపించినా నేను నమ్మను. గాలి మాత్రం టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడికే, చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. ఈ చిన్న టైర్లకు కారు టైర్ల కన్నా చాలా ఎక్కువ గాలి కావాలి. బయట పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే ఒత్తిడి ఒకటి రెండు పౌండ్లు తగ్గుతుంది. గ్యారేజీలో సరిచూసుకుని తెల్లవారుజామున చలిలోకి వస్తే లెక్క మారిపోతుంది.

పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా దిగి ముందుగా ట్రైలర్ చక్రాల హబ్‌ల (బేరింగు ఉండే నడుమ భాగాల) దగ్గరకు వెళ్లండి. చేతి వెనక భాగాన్ని మెల్లగా దగ్గరకు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒక పక్క చల్లగా, మరో పక్క చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆగిపోండి. మా అమ్మాయి ఈ పని తనదే అనుకుంది. నేను పెట్రోలు గొట్టం అందుకునేలోగా తను చక్రం దగ్గర ఉండేది.

బరువు విషయంలో ఒక మాట. హిచ్ బంతి (కారు వెనక ట్రైలర్‌ను తగిలించే ఇనుప గుండు) మీద మోపే బరువు మొత్తం ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తక్కువైతే వెనక తోక ఆడుతుంది. అలా ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని వేగాన్ని దానంతటదే తగ్గనివ్వండి. మీ కారు పుస్తకంలో లాగే సామర్థ్యం ఎంతో తప్పక చూడండి. కొన్ని కార్లకు అసలు వద్దనే రాసి ఉంటుంది. అద్దె కార్ల ఒప్పందాలూ చాలావరకు ఒప్పుకోవు. బీమా ఏజెంటును కూడా ముందే అడగండి. కారు బీమా ట్రైలర్ వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని సాధారణంగా భరిస్తుంది. పడవకు దెబ్బ తగిలితే అది వేరే సంగతి.

దారి చూపే ఫోను కనెక్టికట్‌లో మెరిట్ పార్క్‌వే మీదికి, న్యూయార్క్, న్యూజెర్సీల్లో పాలిసేడ్స్ లాంటి పార్క్‌వేల మీదికి పంపుతుంది. ట్రైలర్లు అక్కడ నిషేధం. ఫోను చెప్పినా సరే ఇంటర్‌స్టేట్ మీదే ఉండండి. టోలు ఇరుసుల లెక్కన తీసుకునే చోట్ల మీకు కారొక్కటి ఉన్నప్పటి కన్నా ఎక్కువ పడుతుంది.

ఇక మంచు. వంతెన మీద ముందుగా గడ్డకడుతుందని బోర్డులు ఉంటాయి. కింద నేల వెచ్చదనం అందదు, కింద నుంచీ పైనుంచీ గాలి చల్లబరుస్తుంది. తడిసిన రోడ్డులా కనిపించే బ్లాక్ ఐస్ మీద బ్రేకు తొక్కితే వెనక ట్రైలర్ కారును తోసుకుంటూ పక్కకు తిప్పేస్తుంది. అలాంటి రోజున క్రూయిజ్ కంట్రోల్ ఆపేయండి, ముందు వాహనానికి రెట్టింపు దూరం వదలండి. తుపాను వస్తుందన్నప్పుడు బయలుదేరకండి. ఒక రోజు ఆలస్యమైనా అది వెళ్లాకే కదలండి. 2022 జనవరి 3, 4 తేదీల్లో వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ పరిసరాల్లో ఇదే ఇంటర్‌స్టేట్ 95 మీద మంచు వల్ల వందల వాహనాలు ఒక రోజుకు పైగా నిలిచిపోయాయి. సెనేటర్ టిమ్ కేన్ కూడా అందులో ఇరుక్కుపోయారు. అందుకే మా కారులో దుప్పట్లు, నీళ్లు, రొట్టెలు, మందులు, ఫోను చార్జరు ఎప్పుడూ ఉంటాయి. ఆగిపోయిన కారులో ఇంజను నడపాల్సి వస్తే మొదట కారు పొగ గొట్టం దగ్గర మంచు తీసేయండి, లేదంటే విషవాయువు లోపలికి వస్తుంది.

పడవ లోపలి నీటి సంగతి చాలామందికి తట్టదు. డింగీ పొట్టలోనూ, గాలి అరల్లోనూ మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఫైబర్ పగులుతుంది. బయలుదేరే ముందు మూతలన్నీ తెరిచి, తలకిందులు చేసి ఆరబెట్టండి. కవరు గాలికి కొట్టుకోకుండా ఒళ్లంతా బిగించండి. రెపరెపలాడే గుడ్డ 1,500 మైళ్లలో పడవ ఒంటి మెరుపును ఉప్పుకాగితంలా గీరేస్తుంది. తెరచాపలు కారులోనే ఉంచుకోండి. తెరచాప కొయ్య వెనక నుంచి నాలుగడుగులు దాటి పొడుచుకొస్తే ఎర్రగుడ్డ కట్టాలి. చాలా రాష్ట్రాల్లో ఈ నియమం ఉంది.

మూడు రోజులు పెట్టుకోండి. ఇద్దరు డ్రైవరు సీటు మార్చుకుంటూ రాత్రంతా నడిపే ఆలోచన మనవాళ్లకు బాగా ఇష్టం. వెనక బరువు ఉన్నప్పుడు అది నాకు ఎంతమాత్రమూ నచ్చదు. మొదటి రాత్రి వర్జీనియాలో, రెండో రాత్రి జార్జియాలో ఆగితే పిల్ల నిద్రపోతుంది, మీరూ పోతారు. హోటల్‌కు ముందే ఫోను చేసి ట్రైలరుతో సహా కారు నిలిపే చోటు ఉందో అడగండి. రివర్సు చేయడం ఖాళీ మైదానంలో ఒక ఆదివారం అంతా నేర్చుకుని వెళ్లండి. చేతిని స్టీరింగు చక్రం కింది భాగంలో పట్టుకుంటే తికమక పోతుంది: చేయి ఎటు పోతే ట్రైలర్ వెనక కూడా అటే పోతుంది. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పేది), ఐ-797 (వలస శాఖ ఇచ్చే ఆమోద నోటీసు) కాగితాలు, ట్రైలర్ రిజిస్ట్రేషన్, మీ డ్రైవింగు లైసెన్సు గడువు ఒకసారి చూసుకోండి. లైసెన్సు గడువు ఐ-94తో ముడిపడి ఉండి, మధ్యలో ముగిసిపోయిన కుటుంబాలను నేను ఎరుగుదును.

మొదటి ఏడాదే ఇంత భారం ఎందుకు అనిపిస్తే కోచ్‌ను అడగండి. క్లబ్బులు పడవలను పేర్చిన పెద్ద ట్రైలర్‌ను పంపుతుంటాయి, అందులో చోటు దొరకవచ్చు. ఆప్టిమిస్ట్ పడవ 35 కిలోలే కాబట్టి కారు పైకప్పు మీద కూడా కట్టుకోవచ్చు. అక్కడే అద్దెకు పడవ తీసుకునే వీలూ ఉంటుంది. ఈ పడవ 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో పుట్టింది, అక్కడ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. తన సొంత పడవతో పోటీ చేయాలని మీ అమ్మాయి మరీ పట్టుబట్టకపోతే మొదటిసారికి నేనైతే వీటిలో ఒకదానికే ఓటేస్తాను.

మయామీ చేరగానే కవరు విప్పి, పడవనూ ట్రైలర్‌నూ మంచినీళ్లతో కడగండి. ఉత్తరాది రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు దారంతా వాటికి అంటుకుని ఉంటుంది. లైట్ల తీగలు, ముఖ్యంగా ఎర్తు తీగ బిగించిన మర, ఆ ఉప్పుకే తుప్పుపడతాయి. దాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. లేకపోతే తిరుగు ప్రయాణంలో, చీకటిపడ్డాక, ఎక్కడో వర్షంలో వెనక లైట్లు ఆరిపోతాయి.