హెచ్‌.ఎస్‌.ఏ. ఖాతా ఏ బ్యాంకులో తెరవాలి?

ప్రశ్న: డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జనవరి నుంచి కంపెనీ ద్వారా అధిక డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు మనమే భరించాల్సిన మొత్తం) ఉన్న ఆరోగ్య బీమాలో చేరాను. హెల్త్ సేవింగ్స్ అకౌంటును (హెచ్‌.ఎస్‌.ఏ., అంటే వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) కంపెనీ సూచించిన బ్యాంకులోనే తెరవాలా? వేసవిలో వచ్చే మా అమ్మానాన్నల వైద్యానికి ఆ డబ్బు వాడుకోవచ్చా?

జవాబు: ముందుగా బీమా పత్రం చూడండి. 2026లో డిడక్టిబుల్ ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికైతే 3,400 డాలర్లు ఉండాలి. మీ భార్యకు ఆమె ఉద్యోగం ద్వారా సాధారణ ఎఫ్‌.ఎస్‌.ఏ. (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంటు, జీతంలోంచి వైద్య ఖర్చులకు డబ్బు పక్కన పెట్టే మరో ఖాతా) ఉంటే, అది మీ ఖర్చులకూ వర్తిస్తుంది కాబట్టి మీకు హెచ్‌.ఎస్‌.ఏ. అర్హత ఉండదు.

ఈ ఖాతాలు నిర్వహించే ఏ బ్యాంకులోనైనా తెరవవచ్చు. అయితే కంపెనీ సూచించిన చోట తెరిచి జీతంలోంచే జమ చేయిస్తే, ఆదాయపు పన్నుతోపాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద పోయే 7.65 శాతం కూడా సాధారణంగా మిగులుతుంది. సొంతంగా జమ చేస్తే ఈ రెండో లాభం దక్కదు. బ్యాంకు రుసుములు నచ్చకపోతే నిల్వను తరువాత వేరేచోటికి మార్చుకోవచ్చు. కంపెనీ వాటాతో కలిపి ఏడాదికి ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750 డాలర్లు పరిమితి.

నా దృష్టిలో బ్యాంకు ఎంపిక కన్నా తేదీ ముఖ్యం. బీమా జనవరిలో మొదలైనా ఖాతా మార్చిలో తెరిస్తే, ఫిబ్రవరి నాటి దంతవైద్యుడి బిల్లుకు ఈ డబ్బు చెల్లదు. అందుకే కొద్ది మొత్తంతోనైనా వెంటనే తెరవండి. సోషల్ సెక్యూరిటీ నంబరు, గుర్తింపు కార్డు, చిరునామా ఉంటే చాలావరకు ఆన్‌లైన్‌లోనే పని పూర్తవుతుంది.

సందర్శక వీసాపై వచ్చే తల్లిదండ్రులు పన్ను చట్టం ప్రకారం సాధారణంగా మీ డిపెండెంట్లు (మీపై ఆధారపడినవారు) కారు. వారి కోసం ఈ డబ్బు తీస్తే దానిపై ఆదాయపు పన్ను, ఆపైన 20 శాతం జరిమానా పడతాయి. వారికి విడిగా విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడమే మేలు. మీరే సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి రూట్ కెనాల్ చేయించుకుంటే మాత్రం ఆ ఖర్చు చెల్లుతుంది. పేరు, తేదీ, చికిత్స, మొత్తం స్పష్టంగా ఉన్న రసీదు అడిగి తీసుకోండి, తెల్లకాగితంపై రాసిచ్చే చీటీతో సరిపెట్టుకోకండి.

దరఖాస్తులో నామినీ గడిని ఖాళీగా వదలకండి. నామినీ భార్య అయితే మీ తదనంతరం అది ఆమె హెచ్‌.ఎస్‌.ఏ.గా కొనసాగుతుంది, మరొకరైతే ఖాతా ముగిసి, ఆ సొమ్ము ఆ ఏడాదే వారి ఆదాయంలో కలుస్తుంది.