మూడో నెల స్కానింగు: 1:180 అంటే ఏమిటి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, తొలి కాన్పు. 12 వారాల 3 రోజులకు ఎన్‌టి స్కాన్ తీస్తే బిడ్డ మెడ వెనుక నీరు 2.9 మి.మీ. ఉందన్నారు. డబుల్ మార్కర్ రక్తపరీక్షతో కలిపి డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువై బుద్ధి మందగించే పుట్టు లోపం) రిస్కు 1:180 వచ్చింది. మా అత్తగారు తీయించేసుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ మాట ఇప్పుడే అనుకోవద్దమ్మా. ఇలాంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, తక్కిన 179 మంది బిడ్డలకు ఉండదు. 1:180కి అర్థం ఇంతే. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి కాబట్టి మీ కాగితం మీద ‘హై రిస్క్’ అని పడింది. ఇంకో పరీక్ష చేయించుకోమని చెప్పడమే దాని పని. మీ అత్తగారికి కూడా ఈ లెక్క కూర్చోబెట్టి చెప్పండి.

ముందు రిపోర్టులో పుట్టిన తేదీ, బరువు, రక్తం తీసిన తేదీ సరిగా ఉన్నాయా చూడండి. బిడ్డ పొడవు (సిఆర్‌ఎల్) 45 నుంచి 84 మి.మీ. మధ్య ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. వారాలను ఆ పొడవుతోనే కట్టాలి. నెలసరి తేదీ తప్పుగా చెప్పి దాంతో లెక్కేస్తే, డబుల్ మార్కర్‌లో కొలిచే పాప్-ఎ, బీటా హెచ్‌సీజీ విలువలు మంచివైనా చెడ్డగా కనిపిస్తాయి.

తర్వాత స్కాన్ బొమ్మ. బిడ్డ పక్కకు తిరిగి, తల, ఛాతీ పైభాగం తెర నిండా ఉండాలి. గడ్డానికి, ఛాతీకి మధ్య కాస్త ఉమ్మనీరు నల్లగా కనిపించాలి. మెడ వెనక్కి వాలి ఉంటే కొలత 0.6 మి.మీ. దాకా పెరుగుతుంది. బిడ్డ వీపు ఉమ్మనీటి పొరకు ఆనుకుని ఉంటే ఆ పొరనే చర్మం అనుకుని కొలిచే ప్రమాదమూ ఉంది. బిడ్డ కదిలేదాకా ఆగి, రెండూ విడివిడిగా కనిపించాకే కొలవాలి. 2.9 దగ్గర ఈ తేడాలు చాలా పెద్దవి. అనుమానముంటే 13 వారాల 6 రోజుల లోపు ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ జబ్బులు చూసే) డాక్టరుతో మళ్లీ చూపించుకోండి.

కొలత నిజమే అయితే రెండు దారులు. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపిటి డౌన్ సిండ్రోమ్‌ను దాదాపు 99 శాతం పట్టుకుంటుంది, కానీ అదీ వడపోతే. ఖాయంగా తేల్చేవి మాయ ముక్క పరీక్ష (11–14 వారాలు), ఉమ్మనీటి పరీక్ష (15 వారాలు దాటాక). వీటివల్ల గర్భం పోయే ప్రమాదం అనుభవజ్ఞుల చేతిలో అర శాతం లోపే. ఎన్‌టి 3.5 మి.మీ. దాటి ఉంటే నేరుగా రెండో దారే మేలని చెప్పేవాళ్లం. అప్పుడు బిడ్డ గుండె స్కానూ తప్పనిసరి.

ప్రశ్న: మాది మేనరికం. నాకు 22 ఏళ్లు. ఎన్‌టి స్కాన్ బాగుంటే బిడ్డకు ఏ జబ్బూ రాదా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అలా అనుకోకూడదు. డౌన్ సిండ్రోమ్‌కు, మేనరికానికి సంబంధం లేదు. అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు వల్ల అది ఎక్కువగా వస్తుంది. తల్లి వయసు 35 అయితే సుమారు 1:350, 40కి 1:100. మేనరికంలో భయం వేరే: ఒకే లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ రావడం. తలసీమియా, కొన్ని రకాల పుట్టు చెవుడు అలాంటివే, ఎన్‌టి స్కాన్‌లో కనిపించవు. ముందు మీరు హిమోగ్లోబిన్ హెచ్‌పిఎల్‌సి (తలసీమియా లోపం ఉందేమో చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. తేడా ఉంటే మీవారికీ చేయించాలి. ఇంట్లో పసిబిడ్డలు పోయి ఉంటే, ఆ పాత కాగితాలు జెనెటిక్ కౌన్సెలర్‌కు చూపించండి. 18–20 వారాలకు టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) మానొద్దు.

ప్రశ్న: ఎన్‌టి స్కాన్‌కు వెళ్తే బిడ్డ తిరగలేదని రెండుసార్లు బయట కూర్చోబెట్టారు. సంతకాలూ పెట్టించుకున్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అలా ఆగి కొలిచేవాళ్లే మంచివాళ్లు. సంతకం ఫారం-ఎఫ్ అనే స్కానింగు పత్రం కోసం. ఆడా మగా అని అడగనని మీరూ, చెప్పనని డాక్టరూ రాసివ్వాలని 1994 నాటి చట్టం. పది నిమిషాలు నడిచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాస్త దగ్గితే బిడ్డ తరచూ తిరుగుతుంది. ఎంతకీ తిరగకపోతే మరో రోజు రండి. 13 వారాల 6 రోజులు దాటిపోతే మాత్రం ఎన్‌టి కోసం పట్టుబట్టవద్దు. 15–20 వారాల మధ్య క్వాడ్రుపుల్ టెస్ట్ అనే రక్తపరీక్ష గానీ, ఎన్‌ఐపిటి గానీ చేయించుకోండి.