నడుస్తున్నా బరువు తగ్గకపోతే

అన్నగారూ, 48 ఏళ్ల వయసులో మూడు నెలలుగా కేబీఆర్ పార్కులో రోజూ అరగంట నడుస్తున్నా కిలో కూడా తగ్గలేదని రాశారు. కబుర్లాడుతూ సాగే నడకా అది? మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. అలా వారానికి కనీసం 150 నిమిషాలు. అసలు లోటు మరొకటి: నలభై దాటాక కండ మెల్లగా కరుగుతుంది, నడక ఒక్కటే దాన్ని నిలపదు. వారానికి రెండు రోజులు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులానించి దండీలు తీయండి. బీపీ, షుగరు ఉంటే ముందు డాక్టరును అడగండి.

నేనూ మీలాగే తిరిగినవాణ్ణే. గేటు దాటగానే ఇరానీ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు! నడిచిందంతా అక్కడే చెల్లు. చాయ్ మానలేదు, బిస్కెట్లు మానేశాను. తూకంలో తేడా కనిపించక ముందే బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది.