సొంతగడ్డపై జపాన్ క్రీడాకారులు: కొమజావా పార్కు పక్కనుంచి ఒక జవాబు

మీరు రెండు విషయాలు అడిగారు. తమ దేశంలో ఒలింపిక్స్ వంటి పోటీలు జరిగినప్పుడు జపాన్ అంత ఎక్కువ పతకాలు ఎలా గెలుస్తుందన్నది మొదటిది. ఆతిథ్యం ఇవ్వడం క్రీడాకారులకు మేలా, బరువా అన్నది రెండోది. నేను తొమ్మిదేళ్లుగా టోక్యోలోని సెటగయా వార్డులో ఉంటున్నాను. మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే కొమజావా ఒలింపిక్ పార్కు వస్తుంది. రోజూ తెల్లవారగానే నేను నడిచేది అక్కడే. క్రీడల నిపుణురాలిని కాను కానీ, ఈ పార్కు పక్కన కాపురం ఉండడం వల్ల ఆ చరిత్ర మీద ఇష్టం పెరిగి, దొరికినదంతా చదువుతూ వచ్చాను. నాకు తెలిసినది చెబుతాను.

ముందు లెక్కలు. 1960 రోమ్‌లో జపాన్‌కు వచ్చిన స్వర్ణాలు 4. 1964 టోక్యోలో 16. 2016 రియోలో 12, 2021లో జరిగిన టోక్యో 2020 క్రీడల్లో 27. శీతాకాల క్రీడల్లో కూడా ఇంతే. 1972కు ముందు ఆ దేశం మొత్తానికి ఒకే ఒక్క శీతాకాల పతకం ఉండేది. ఆ ఏడాది జపాన్‌లోనే సప్పోరోలో జరిగిన ఆటల్లో, 70 మీటర్ల స్కీ జంపింగ్‌లో స్వర్ణం, రజతం, కాంస్యం మూడూ ఒకే రోజు వాళ్లవే అయ్యాయి. కసాయా, కొన్నో, ఆవోచి అనే ఆ ముగ్గురి పేర్లు వయసు మళ్లినవాళ్లు ఇప్పటికీ ఒక్క గుక్కలో చెబుతారు. 1998 నగానోలో 5 స్వర్ణాలు వచ్చాయి. అంతకు ముందు, 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో వచ్చింది ఒక్కటే.

ప్రేక్షకుల కేకలే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. టోక్యో 2020 ఆ అభిప్రాయాన్ని మార్చేసింది. కరోనా వల్ల టోక్యో వేదికల్లోకి ప్రేక్షకులను రానివ్వలేదు. లాటరీలో మాకు వచ్చిన టికెట్లు కూడా రద్దయ్యాయి. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా 27 స్వర్ణాలు వచ్చాయంటే, అసలు పని అంతకు ఏళ్ల ముందే జరిగిందన్నమాట. ఆతిథ్య దేశానికి చాలా క్రీడల్లో అర్హత పోటీల బాధ లేకుండా చోటు దొరుకుతుంది. కొత్త క్రీడలను చేర్చాలని అడిగే అవకాశం కూడా ఉంటుంది. 1964లో జూడో, వాలీబాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చాయి. 2021లో కరాటే, స్కేట్‌బోర్డింగ్ వచ్చాయి, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ తిరిగి వచ్చాయి. ఆ చివరి రెండింటిలోనూ స్వర్ణం జపాన్‌దే. స్కేట్‌బోర్డింగ్ స్ట్రీట్ విభాగంలో గెలిచిన యూతో హొరిగొమె అయితే కోతో వార్డులో పెరిగిన కుర్రాడు. పోటీ జరిగిన అరియాకె ఉన్నదీ ఆ వార్డులోనే. వీటన్నిటి కంటే ముఖ్యమైనది 2008లో తెరిచిన జాతీయ శిక్షణ కేంద్రం. అది ఆటలు ముగిశాక మూతపడలేదు. 2024 పారిస్‌లో 20 స్వర్ణాలు రావడానికి దాని పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

సొంతగడ్డ ప్రతిసారీ గెలిపించదు కూడా. టోక్యో 2020లో మన సింధు బ్యాడ్మింటన్ క్వార్టర్ ఫైనల్ ఆడింది జపాన్ అమ్మాయి అకానె యమగుచితోనే, టోక్యో పశ్చిమాన చోఫులోని హాల్లో. రెండో గేమ్‌లో యమగుచి 20-18తో ముందుంది. సింధు ఆ రెండు గేమ్ పాయింట్లనూ కాచుకుని 22-20తో ముగించింది. నేను ఇంట్లో టీవీ ముందు ఊపిరి బిగబట్టి చూశాను. గెలిచాక అరిచేశాను, వెంటనే పక్కింటి గోడ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మర్నాడు పక్కింటి పెద్దావిడే ఎదురొచ్చి, "మీ అమ్మాయి బాగా ఆడింది" అని అభినందించారు. ఆవిడ గురించి మళ్లీ చెబుతాను.

ఇక మీ రెండో ప్రశ్న. నా మనసు ఎక్కువగా ఉండేది అక్కడే.

కొమజావా పేరు మొదట వినిపించింది 1940 క్రీడలకు. ప్రధాన స్టేడియం ఇక్కడే కట్టాలనుకున్నారు. చైనాతో యుద్ధం ముదరడంతో 1938లో జపాన్ ఆతిథ్యాన్ని వదులుకుంది. మళ్లీ అవకాశం వచ్చేసరికి మధ్యలో ఎంత నాశనం జరిగిందో అందరికీ తెలిసిందే. అందుకే 1964లో జ్యోతి వెలిగించడానికి ఎంచుకున్న యువకుడు యోషినోరి సకాయ్ హిరోషిమా ప్రాంతంలో 1945 ఆగస్టు 6న, బాంబు పడిన రోజునే పుట్టినవాడు. బుల్లెట్ రైలు మొదలైంది కూడా ఆ ఆటలకు తొమ్మిది రోజుల ముందు. దేశం తన పరువంతా ఆ రెండు వారాల మీద పెట్టింది. ఆ బరువును మోయవలసి వచ్చింది మాత్రం ఇరవైల్లో ఉన్న పిల్లలు.

మహిళల వాలీబాల్ జట్టునే తీసుకోండి. పన్నెండు మందిలో పదిమంది ఒసాకా దగ్గర కైజుకాలోని ఒకే బట్టల మిల్లు జట్టువాళ్లు. పగలు మిల్లు ఆఫీసులో ఉద్యోగం, ఆ తర్వాత కోచ్ హిరొబుమి దైమత్సు దగ్గర అర్ధరాత్రి దాకా సాధన. నేల మీద దొర్లి బంతి అందుకుని, అదే ఊపులో లేచి నిలబడే పద్ధతి వాళ్లదే. 1962లో ప్రపంచ విజేతలయ్యాక చాలామంది ఆట మానేసి పెళ్లి చేసుకుని స్థిరపడదామనుకున్నారు. ఒలింపిక్స్ దాకా ఆడండని దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చి పడ్డాయి. దాంతో ఆట కొనసాగించారు. 1964 అక్టోబరు 23 రాత్రి ఇదే కొమజావాలో సోవియట్ జట్టును వరసగా మూడు సెట్లలో ఓడించారు. కెప్టెన్ మసాఎ కసాయ్‌కి అప్పటికి 31 ఏళ్లు. ఆ తర్వాత ఆమెకు ప్రధానమంత్రి సాటో స్వయంగా సంబంధం చూసి పెట్టారు. ఆ రాత్రి టోక్యో ప్రాంతంలో నూటికి 66.8 ఇళ్లలో ఆ మ్యాచే నడిచింది. మా పక్కింటి పెద్దావిడకు అప్పుడు పదేళ్లు. వాళ్ల వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు గదిలో మోకాళ్ల మీద కూర్చుని, ముందున్నవాళ్ల తలల సందుల్లోంచి చూశారట. చివరి పాయింటు దగ్గర ఎవరూ కేకలు వేయలేదని, వాళ్ల అమ్మ కొంగు లాంటి చేతి గుడ్డతో కళ్లు తుడుచుకోవడమే గుర్తుందని చెప్పారు.

వాళ్లు గెలిచారు కాబట్టి ఆ కథ పండుగలా వినిపిస్తుంది. అంతకు రెండు రోజుల ముందు, అక్టోబరు 21న మారథాన్ జరిగింది. ఫుకుషిమా ప్రాంతంలోని సుకగావా నుంచి వచ్చిన కొకిచి త్సుబురాయా రెండో స్థానంలో స్టేడియంలోకి అడుగుపెట్టాడు. చివరి చుట్టులో, వేలమంది చూస్తుండగా, బ్రిటన్ పరుగువీరుడు హీట్లీ అతణ్ణి దాటేశాడు. కాంస్యం దక్కింది. ఆ క్రీడల్లో అథ్లెటిక్స్‌లో జపాన్‌కు వచ్చిన పతకం అదొక్కటే. ఇంకెక్కడైనా అయితే ఊరేగించేవారు. అతను మాత్రం జనం ముందు క్షమించరాని తప్పు చేశానన్నాడు, తర్వాతి ఒలింపిక్స్ జరిగే మెక్సికోలో సరిచేస్తానన్నాడు. తర్వాత నడుము నొప్పి, శస్త్రచికిత్సలు. 1968 జనవరిలో, 27 ఏళ్ల వయసులో, ప్రాణం తీసుకున్నాడు. వదిలివెళ్లిన ఉత్తరంలో అమ్మానాన్నలకూ, అన్నావదినలకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, కొత్త సంవత్సరానికి వాళ్లు పెట్టిన తిండి ఎంత రుచిగా ఉందో రాశాడు. ఇక పరుగెత్తలేనని రాశాడు. ఆ ఉత్తరాన్ని మొదటిసారి చదివిన రోజు నేను వంట మధ్యలో పొయ్యి ఆపేసి కూర్చుండిపోయాను. అతని సహచరుడు కెంజి కిమిహారా అదే ఏడాది మెక్సికో మారథాన్‌లో రజతం గెలిచాడు. ఆతిథ్యం మేలా బరువా అని ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది త్సుబురాయానే.

దీనికి రెండో వైపు నేను నగానోలో చూశాను. రెండేళ్ల క్రితం వేసవిలో మా అమ్మాయితో హకుబా వెళ్లాను. 1998 స్కీ జంపింగ్ కొండ అక్కడే ఉంది, పైదాకా ఎక్కనిస్తారు. లిఫ్టు దిగాక కాళ్ల కింద ఇనుప జాలీ మెట్లు. కిందికి చూస్తే జాలీలోంచి గాలి, గాలి కింద కొండ. జంపర్లు కూర్చునే అడ్డకమ్మీ దగ్గర నిలబడి చూస్తే వాలు కొంత దూరం కనిపించి, ఆపైన తెగిపోయినట్టుంటుంది. దాని తర్వాత నేల ఉన్నట్టే తెలియదు, దూరంగా ఊరి ఇళ్ల కప్పులు మాత్రం కనిపిస్తాయి. మా అమ్మాయి నా చేయి వదల్లేదు. నిజం చెప్పాలంటే నేనే వదల్లేదు.

1994 లిల్లెహామర్‌లో జపాన్ జట్టు స్వర్ణం చేతికందిన దశలో ఉండగా, ఆఖరి జంపర్ మసాహికో హరాదా 97.5 మీటర్ల దగ్గరే దిగిపోయాడు. స్వర్ణం జర్మనీకి పోయింది. నాలుగేళ్ల తర్వాత, 1998 ఫిబ్రవరి 17న, హకుబాలో జట్టు పోటీ. మంచు తుపాను. హరాదా మొదటి జంప్ 79.5 మీటర్లు. జపాన్ నాలుగో స్థానంలోకి జారింది. రెండో రౌండు జరగకపోతే ఆ ఫలితమే ఖాయం. కొండ సురక్షితంగా ఉందని చూపించాలంటే టెస్ట్ జంపర్లు దూకాలి. అంటే పోటీదారుల కంటే ముందు దూకి, పడ్డ మంచును తొక్కి దారి చేసేవాళ్లు. వాళ్లకు పతకముండదు. ఆ రోజు 25 మంది. వాళ్లలో లిల్లెహామర్ జట్టులో ఉండి, ఈసారి జట్టులో చోటు దొరకని జిన్యా నిషికాతా ఉన్నాడు. వినికిడి లేని జంపర్ ఒకరు ఉన్నారు. హైస్కూలు అమ్మాయి ఒకరు ఉన్నారు. ఒలింపిక్స్‌లో మహిళల స్కీ జంపింగ్ 2014 దాకా రాలేదని గుర్తుపెట్టుకుంటే ఆమె అక్కడ దూకడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. కళ్లు కనిపించని మంచులో ఒక్కరూ పడకుండా దూకారు. పోటీ కొనసాగింది. హరాదా 137 మీటర్లు ఎగిరాడు, చివరి జంప్ ఫునాకి పూర్తిచేశాడు, జపాన్ స్వర్ణం గెలిచింది. ఆ రోజు హరాదా లోపల వేసుకున్నది నిషికాతా చొక్కా. ఆ కొండ మీద నిలబడి ఈ సంగతి మా అమ్మాయికి చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. త్సుబురాయా ఒంటరిగా మోసిన బరువును ఇక్కడ పాతికమంది పంచుకున్నారనిపించింది.

ఇవి చెప్పి, చెడ్డవైపు దాటవేయడం న్యాయం కాదు. టోక్యో 2020 స్పాన్సర్ల ఎంపికలో లంచాల కేసులు బయటపడ్డాయి, అరెస్టులు జరిగాయి. ఆ దెబ్బకు జనం నమ్మకం పోయి, 2030 శీతాకాల క్రీడల కోసం సప్పోరో చేస్తున్న ప్రయత్నాన్ని 2023లో వదిలేసుకున్నారు. నా ఆఫీసులో అప్పుడు బాధపడినవాళ్ల కంటే సరైన పనే అన్నవాళ్లే ఎక్కువ.

అయినా 2025 నవంబరులో నేను చూసినది చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. వినికిడి లేని క్రీడాకారుల డెఫ్లింపిక్స్ మొదటిసారి జపాన్‌లో జరిగాయి. మొదటి డెఫ్లింపిక్స్ 1924లో పారిస్‌లో జరిగాయి కాబట్టి నూరేళ్ల పండుగ కూడా. చూడడానికి టికెట్టు లేదు, ఎవరైనా వెళ్లవచ్చు. మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచింది ఇక్కడే. అథ్లెటిక్స్, వాలీబాల్ మా కొమజావాలో పెట్టారు. ట్రాక్ మీద ప్రతి పరుగువీరుడి ముందూ నేల మీద ఒక చిన్న దీపం. ఎరుపు వెలిగితే చోటులో కూర్చోవాలి, పసుపు వెలిగితే నడుము లేపాలి, ఆకుపచ్చ వెలిగితే పరుగు. తుపాకీ చప్పుడు లేకుండా ఎనిమిది మంది ఒకేసారి లేవడం మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

వాలీబాల్ చూడడానికి పక్కింటి పెద్దావిడను వెంట తీసుకెళ్లాను. చిన్నప్పుడు టీవీలో చూసిన కొమజావా వాలీబాల్‌ను ఆవిడ ఎదురుగా చూడడం అదే మొదటిసారట. జపాన్ అమ్మాయిలు ఆడుతున్నారు. వినికిడి యంత్రాలు తీసేసి ఆడాలన్నది నియమం కాబట్టి "నాది" అని అరిచేవాళ్లు లేరు. ప్రతి పాయింటుకు ముందు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటారు, అంతే. హాల్లో బూట్ల కీచుమనే చప్పుడు, బంతి దెబ్బ. మా అమ్మాయి బడిలో నేర్పారు, చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి మణికట్టు తిప్పాలని. పెద్దావిడకు చూపించింది. ఆవిడకు భుజం నొప్పి, ఒక చెయ్యి సగమే లేచింది. మా అమ్మాయి పక్కన నిలబడి ఆ మోచేతిని కింద నుంచి పట్టుకుంది. ఆ ఏడాది స్వర్ణం ఆ జట్టుదే అయింది. మేము వెళ్లిన రోజున మాత్రం అదింకా ఎవరికీ తెలియదు. తిరిగి వస్తూ పార్కులో దీపాలు వెలిగే వేళ, ఆవిడ నడక ఆపి, వేళ్లు లెక్కపెట్టుకుని, "అరవై ఒక్క ఏళ్లు" అన్నారు. ఇంటి గుమ్మం దాకా ఇంకేమీ మాట్లాడలేదు.