కరెంటు పోతే దొరికిన సౌండ్

స్టూడియోలో జామింగ్ చేస్తే, అంటే ముందేమీ అనుకోకుండా అందరూ కలిసి తోచింది వాయిస్తూ పోతే, రాక్ బ్యాండ్‌కి కొత్త సౌండ్ నిజంగా వస్తుందా, లేక పాటలు ముందే కట్టుకుని వెళ్లాలా అని అడిగారు. వస్తుంది. కాకపోతే వాయిస్తున్నప్పుడు కాదు, తర్వాత కూర్చుని విన్నప్పుడు. ఆ వినే ఓపిక లేకపోతే జామింగ్ అంటే ఉత్త కాలక్షేపం.

మాది ఒడిశాలోని బరంపురం. కాలేజీ రోజుల్లో నలుగురం ఒక పట్టుచీరల గోడౌన్ మీది గదిలో వాయించేవాళ్లం, దానికే స్టూడియో అని పేరు. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు బయటికి పోదని ఎవరో చెబితే నెల్లాళ్లు హోటళ్ల చుట్టూ తిరిగి పోగుచేశాం. పక్కింటావిడ మాత్రం రోజూ వచ్చి "బంద కర", ఆపండి అని ఒడియాలో అరుస్తూనే ఉండేది. ఆ అట్టలు చప్పుడు ఆపవండీ, ఇంకా ఎవరైనా ఏరుతుంటే మానెయ్యండి. గదిలో మారుమోత తగ్గించింది మూలన పేర్చిన చీరల మూటలే.

మా డ్రమ్మర్ ఒడియా కుర్రాడు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులివేషాల వెనక ఢోలు కొట్టి పెరిగినవాడు. వాడి చేత ఇంగ్లిష్ బ్యాండ్ల బీట్ కొట్టించాలని మేము చూసేవాళ్లం, వాడు విసుక్కునేవాడు.

ఒకరోజు సాయంత్రం పాట మధ్యలో కరెంటు పోయింది. గిటార్, బేస్ రెండూ మూగబోయాయి. వాడికేం, డ్రమ్స్‌కి కరెంటుతో పనేముంది, ఇదే సందని పులివేషం దెబ్బ ఎత్తుకున్నాడు. నేను ఊరికే ఉండలేక ఎడమచేత్తో తీగలన్నీ నొక్కిపట్టి ఆ దెబ్బకి తగ్గట్టు గీరుతూ కూర్చున్నాను. గిటార్ చప్పుడు పెంచే యాంప్ ఆపాలని ఎవరికీ తోచలేదు. పావుగంటకి కరెంటు వచ్చేసరికి శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ ఫుల్లుగా పెట్టి ఉండటంతో ఆ గీరుడు కాస్తా చక్ చక్ చకచక్ అని గది అదిరేలా మోగింది. వాడు ఆపలేదు, నేనూ ఆపలేదు. బేస్ వాడు ఒకే స్వరం పట్టుకుని వెంటబడ్డాడు.

ఆ రాత్రి ఇంత పిచ్చిగా వాయించామేంటని నవ్వుకుని ఇళ్లకి పోయాం. డ్రమ్మర్ ఫోన్ రికార్డింగ్‌లోనే ఉండిపోయిందని మర్నాడు తెలిసింది. గంటకి పైగా ఉన్నదాంట్లో నలభై సెకన్లు బాగున్నాయి. తర్వాత మేము చేసిన నాలుగు పాటలూ ఆ నలభై సెకన్ల మీద కట్టినవే.

ఇదేదో మా గొప్ప అనుకోకండి. జర్మనీలో క్యాన్ అనే బ్యాండ్ 1970ల్లో ఇదే పని చేసింది. పాత సినిమా హాలుని స్టూడియో చేసుకుని, గోడలకి మిలిటరీ పరుపులు కట్టి, గంటలకొద్దీ వాయించి టేపు మీదకి ఎక్కించేవాళ్లు. బేస్ వాయించే హోల్గర్ చుకాయ్ దాన్ని విని, కోసి, అతికించి పాట చేసేవాడు. 1971లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ దగ్గరా పాటల్లేవు. స్టూడియోలో తోచిన ముక్కలు రికార్డు చేసి వాటికి 'నథింగ్' అని పేరు పెట్టి నంబర్లు వేసుకున్నారు. అందులో, గుండ్రంగా తిరిగే లెస్లీ స్పీకర్‌లోంచి పంపిన ఒక్క పియానో స్వరం చుట్టూ 'ఎకోస్' పెరిగింది, ఇరవై మూడు నిమిషాల పాట.

ఇప్పటి కుర్రాళ్లు చెవిలో తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే క్లిక్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఒక్కో తప్పూ అక్కడికక్కడే చెరిపేస్తూ వాయిస్తున్నారు. మా గీరుడు కూడా అలాగే చెరిగిపోయుండేది.

మా డ్రమ్మర్ ఇప్పుడు సూరత్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మెమరీ కార్డు ఇంకా వాడి దగ్గరే ఉంది, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వడు.